నీలవేణి తలకిందుల హాజరు

అనగనగా ఒక అడవిలో చదువుకోవాలని ఆశపడిన గబ్బిలం పిల్ల ఒకటి, పట్టుదలతో ఒక్క రోజులో నిటారుగా నిలబడడం నేర్చుకుని, బడిలో చోటు దక్కించుకుందని మీకు ఎవరో చెప్పే ఉంటారు, పిల్లలూ. నాకు ఆ కథ మీద మొదటినుంచీ అనుమానమే. గబ్బిలం కాళ్ళు ఎప్పుడైనా చూశారా? అవి వేలాడడానికి ఉన్నవి, నిలబడడానికి కావు. అందుకే అసలు జరిగింది చెబుతాను.

ఆ బడి ఒక రాతి గుహలో ఉండేది. పంతులు శంఖయ్య అనే కొంగ. ఆయనకు నియమమంటే ప్రాణం. పేరు పిలవగానే ఎవరైనా సరే రెండు కాళ్ళ మీద నిలబడి, తల పైకెత్తి "హాజరు" అనాలి. వరుసగా మూడు రోజులు అలా అనకపోతే పేరు కొట్టేస్తారు.

ఆ బడిలో నీలవేణి అనే గబ్బిలం పిల్ల కొత్తగా చేరింది.

మొదటి రోజు పంతులు, "నీలవేణీ!" అని పిలిచారు.

"హాజరండీ!" అంది అది, గుహ కప్పునుంచి వేలాడుతూ.

"కిందికి దిగి నిలబడు."

దిగింది. నిలబడబోయి, దూది అనే కుందేలు వీపు మీద బోర్లాపడింది.

"గైర్హాజరు," అని రాసుకున్నారు పంతులు.

"అదేమిటండీ, నా వీపు మీదే ఉంది కదా!" అంది దూది.

రెండో రోజు పంతులు దయతలచి, నీలవేణిని తీగతో గుంజకు కట్టి నిటారుగా నిలబెట్టారు. దానికి కళ్ళు తిరిగాయి, నోట మాట రాలేదు. మళ్ళీ గైర్హాజరు.

మూడో రోజు అది కప్పునుంచి దిగనే లేదు. పంతులు మూడో గైర్హాజరు వేసి, "ఏడు తొమ్మిదులు ఎంత?" అని అడిగారు. పిల్లలంతా తలలు గోక్కున్నారు.

"అరవై మూడండీ!" అని పైనుంచి వినిపించింది.

"గైర్హాజరైనవాళ్ళు జవాబు చెప్పకూడదు!" అని గద్దించారు పంతులు.

"లేనిదానికి వచ్చిన లెక్క, ఉన్న మనకు రాలేదేమర్రా?" అని గొణిగింది దూది.

పంతులు పేరు కొట్టేయడానికి కలం ఎత్తారు. నీలవేణి పైనుంచే అడిగింది.

"రేపటినుంచి నన్ను రానివ్వరు కదండీ. పోయేముందు ఒక్క సందేహం తీర్చండి. మీరు రోజూ ఒంటికాలి మీదే పాఠం చెబుతారు. మీకు హాజరు ఎవరు వేస్తారండీ?"

పంతులు కిందికి చూసుకున్నారు. రెండో కాలు రెక్క కిందే ఉంది, ఎప్పటిలాగే. గబుక్కున దించి, రెండు కాళ్ళ మీదా నిలబడి పాఠం అందుకున్నారు.

"ఏడు తొమ్మిదులు... ఏడు తొమ్మిదులు..."

ఎంతకీ గుర్తుకు రాలేదు.

"అరవై మూడండీ," అంది నీలవేణి మెల్లగా.

పంతులు కాలు మళ్ళీ మడుచుకుని, రిజిస్టరు అట్ట మీద రాసి ఉన్న నియమాన్నే అడ్డంగా కొట్టేశారు.

"ఎవరికి ఎలా వీలైతే అలా ఉండి పలకండి," అన్నారు.

అంతలో గుహ బయటినుంచి మరో గొంతు వినిపించింది. "అయితే నేనూ రావచ్చా అండీ? కాళ్ళే లేవని రెండేళ్ళుగా గుమ్మం దగ్గరే వింటున్నాను."

అది పాము. ఆ ఒక్క క్షణం మాత్రం కింద ఉన్న పిల్లలందరూ ఎవరూ చెప్పకుండానే రెండు కాళ్ళ మీద నిలబడ్డారు. తరవాత సిగ్గుపడి, జరిగి చోటిచ్చారు.

ఇంతకీ గబ్బిలం నిటారుగా నిలబడిందా? ఆ రిజిస్టరులో వికారి నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ పంచమి నాటి పేజీలో, శంఖయ్య పంతులు సొంత దస్తూరీతో ఇలా ఉంది: "నీలవేణి: హాజరు, తలకిందులుగా."

నీతి: గుమ్మం దాకా వచ్చిన ప్రతి బిడ్డకూ తగినట్టు మారవలసింది బడి నియమమే.