చాకలి వీరాస్వామి బాప్తిస్మ పరీక్ష

గోదావరి ఒడ్డున ఒక మిషను ఊళ్లో జ్ఞానాభరణం పాదిరిగారు పది ఆజ్ఞలూ వరుసగా ఒప్పజెప్పనివారికి బాప్తిస్మం ఇచ్చేవారు కాదని చెబుతారు. ఏ ఏటి సంగతో ఎవరూ రాసిపెట్టలేదు. చాకలి వీరాస్వామి మూడుసార్లు తప్పాడు. ముందే బాప్తిస్మం పొందిన భార్య గుడిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం అందుకోవడానికి మోకరిస్తే, అతను గుమ్మం బయటే నిలబడవలసి వచ్చేది. నాలుగోసారి అయిదో ఆజ్ఞ దగ్గర ఆగిపోయాడు.

“ఆజ్ఞలు తెలియనివాడికి మంచిచెడ్డలేం తెలుస్తాయిరా? దేవుణ్ణేం ఎరుగుదువు?” అన్నారు పాదిరిగారు.

“అయ్యగారూ, మొన్న ఉతకడానికి వేసిన మీ అంగీ జేబులో వెండి గడియారం దొరికితే తెచ్చి ఇచ్చాను గదండీ. అప్పటికే మీరు వంటవాడే దొంగని తేల్చేశారు. నన్నెవరూ అడగనే లేదు. మరెందుకు ఇచ్చానంటారు?”

“భయపడి ఉంటావు.”

“నిజమేనండీ. ఆ పూట రేవులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఎవరికి భయపడ్డానో తమరే సెలవియ్యండి.”

పాదిరిగారు చేతిలోని పుస్తకం మూసేసి, “ఆదివారం గుడికి రా” అన్నారు. ఆ ఆదివారమే వీరాస్వామి బాప్తిస్మం పొంది, భార్య పక్కన మోకరించాడు. దొంగిలవద్దన్న ఆజ్ఞ ఎన్నోదో మాత్రం అతనికి చివరిదాకా తెలియలేదట.