జడ్జీల వైపు గీత

క్లెమాన్స్‌కి చెప్పిన మాట వినే జబ్బు ఉండేది. ఎవరు ఏం చెప్పినా వినేది. మంచు మీద జంటగా నాట్యం చేసేవాళ్ళకు అది మంచిది కాదు. అక్కడ చెప్పేవాళ్ళకు కొదవ ఉండదు.

ఆమెది ఫ్రాన్సులో కొండల మధ్య ఉన్న గ్రెనోబుల్ ఊరు. ఆమె జోడీ పేరు యానిక్. చిన్నప్పటి నుంచి ఇద్దరూ గిస్లేన్ అనే పెద్దావిడ దగ్గరే నేర్చుకున్నారు. ఆవిడను అందరూ మదాం అనేవారు.

ఏటా జాతీయ పోటీల్లో వీళ్ళది నాలుగో స్థానం. దేశం తరఫున యూరప్ పోటీలకు వెళ్ళేది మొదటి మూడు జంటలే. ఈసారి కూడా వెళ్ళకపోతే నాన్నతో కలిసి ఇళ్ళ పైకప్పులు వేసే పనిలోకి పోతానని యానిక్ తేల్చి చెప్పేశాడు. అతను పోతే క్లెమాన్స్ ఆట కూడా అక్కడితో సరి. ఈ నాట్యం ఒంటరిగా చేసేది కాదు. ఆ వయసులో కొత్త జోడీ దొరకడం వట్టి మాట.

మార్కులు ఆరుకు ఇన్నని వేసే పాత రోజులవి. పోటీకి ముందురోజు జడ్జీలు కాఫీ కప్పులు పట్టుకుని సాధన చూడటానికి వచ్చేవారు. ఒక పక్క వరసగా కూర్చునేవారు. అయిపోయాక ఆటగాళ్ళను దగ్గరికి పిలిచి, ఎంతో ప్రేమగా సలహాలిచ్చేవారు. మర్నాడు మార్కులు వేసేది వాళ్ళే కాబట్టి, వాటిని వట్టి సలహాలనుకునే అమాయకులెవరూ అక్కడ లేరు.

నల్ల గౌను బరువుగా ఉందంటే క్లెమాన్స్ గులాబీ రంగుది కుట్టించుకుంది. నవ్వు చాలడం లేదంటే దవడలు నొప్పి పుట్టేదాకా నవ్వింది. యానిక్ కంటే పొడుగ్గా కనిపిస్తోందంటే భుజాలు ముడుచుకుని, మెడ లోపలికి లాక్కుని ఆడటం నేర్చుకుంది. ఇంత చేసినా నాలుగో స్థానం నాలుగో స్థానంగానే ఉండిపోయింది.

ఆ ఏడాది సాధన ముగిశాక వెర్దియే అనే పెద్ద జడ్జి ఆమెను పిలిచాడు.

"బాగుందమ్మా, చాలా బాగుంది. చివర్లో మాత్రం ఆ కుర్రాడి పక్కన గోడలా నిలబడుతున్నావు. కాస్త తగ్గి ఉంటే నీకే మంచిది."

క్లెమాన్స్ నేరుగా మదాం దగ్గరికి వచ్చింది.

"మదాం, చివరి భంగిమ మార్చేద్దాం. నేను మోకాళ్ళ మీద కూర్చుంటాను. యానిక్ నిలబడతాడు."

"పోటీ రేపే కదా."

"ఈ సాయంత్రం నేర్చేసుకుంటాం."

"ఇంకేం మార్చాలట?"

"ఏం చెబితే అది మారుస్తాను మదాం. నాకింక వేరే దారి లేదు."

 మంచును చదును చేసే బండి అప్పుడే లోపలికి రాబోతోంది. మదాం చేతికర్ర ఎత్తి దాన్ని ఆపింది. మామూలు బూట్లతోనే, క్లెమాన్స్ మోచెయ్యి పట్టుకుని మంచు మీదికి దిగింది.

"మదాం, పడతారు!" అని అరిచాడు బండివాడు.

"పడితే నన్ను కూడా కలిపి చదును చేసెయ్," అంది ఆవిడ.

ముందు అవతలి గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. అటువైపు ఖాళీ బెంచీలు తప్ప ఎవరూ లేరు. ఆఖరున సాధన చేసింది వీళ్ళ జంటే కాబట్టి వాళ్ళ స్కేట్ల బ్లేడ్లు మంచులో కోసిన గీతలింకా స్పష్టంగా ఉన్నాయి. మదాం ఆపసోపాలు పడుతూ మోకాళ్ళ మీద కూర్చుని, చేతి తొడుగు తీసి, క్లెమాన్స్ గీత మీద వేలు పెట్టింది. ఒకటే గీత. గోరు దిగేంత లోతుగా ఉంది.

తర్వాత జడ్జీల వైపు వచ్చింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ వేలు పెట్టింది. ఈసారి పక్కపక్కనే రెండు సన్నని గీతలు కనిపించాయి.

క్లెమాన్స్ ముఖం పాలిపోయింది. బ్లేడు కింద రెండు అంచులుంటాయి. ఒంటిని ధైర్యంగా ఒక పక్కకు వాలిస్తే ఒక్క అంచే మంచును కోస్తుంది. బెదిరి వాలకుండా నిలబడితే రెండూ తగులుతాయి. మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పు అది. క్లెమాన్స్ కొంచెం ముందుకెళ్ళి చూసింది. జడ్జీల ముందు నుంచి పోయిన ప్రతిసారీ రెండే గీతలు.

"మా కాలంలో జడ్జీలు మంచు మీదికి దిగి, వంగి గీతలు చూసేవాళ్ళు," అంది మదాం. "ఇప్పుడు వాళ్ళ నడుములు వంగడం లేదు."

"ముడుచుకోమన్నది వాళ్ళే మదాం. ముడుచుకుంటే నేను వాలలేను."

"ఆ మాట వాళ్ళకి చెప్పావా?"

"లేదు."

"రేపు చెప్పు. ఇప్పుడు నన్ను లేపు, ఈ మోకాళ్ళు పట్టేశాయి."

మర్నాడు మంచు మీదికి దిగే ముందు క్లెమాన్స్ వెన్ను నిటారుగా చాచి నిలబడింది. యానిక్ తలెత్తి చూడాల్సి వచ్చింది.

"నాకంటే పొడుగ్గా కనిపిస్తున్నావు," అన్నాడు.

"నేను నీకంటే పొడుగే యానిక్."

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే గట్టిగా పట్టుకో," అన్నాడు.

సంగీతం మొదలైంది. ఆ రోజు ఆమె నవ్వలేదు. నవ్వడానికి తీరిక లేదు. జడ్జీల బల్ల ముందు మలుపులో ఎంత వాలిందంటే, యానిక్ చెయ్యి వదిలితే నేరుగా బల్ల కిందికి పోయేది. బ్లేడు కోసిన మంచు పొడి లేచి అడ్డుగోడ దాటి బల్ల మీద పడింది. వెర్దియే ఉలిక్కిపడి తన కాయితాలు వెనక్కి లాక్కున్నాడు. చివర్లో ఇద్దరూ నిలబడే ముగించారు. జనం మెచ్చుకుంటూ కాళ్ళతో నేల మోగించారు.

మార్కులు వచ్చాయి. మళ్ళీ నాలుగో స్థానమే.

క్లెమాన్స్ ఏడ్చింది. ఎందుకు ఏడవదు? అన్నేళ్ళ ఆశ మరి. బయట నడవాలో వెర్దియే ఎదురొచ్చి జాలిగా తల ఊపాడు.

"నేను చెప్పినట్టు తగ్గి ఉంటే మూడో స్థానం మీదేనమ్మా."

క్లెమాన్స్ కళ్ళు తుడుచుకుంది. అతని చేతిలోని కట్ట వైపు చూసింది.

"మీ కాయితాలు తడిసిపోయాయి మొస్యూ వెర్దియే, ఆరబెట్టుకోండి," అంది.

అతను వెళ్ళిపోయాక యానిక్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. స్కేట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. ఇక ఇతను పైకప్పులెక్కడమే తరువాయి అనుకుంది క్లెమాన్స్. నోరు తెరిచి అడిగే ధైర్యం లేక అతని పక్కనే కూర్చుంది.

"ఇవాళ నీతో సమానంగా రావడానికి నాకు ఊపిరి చాలలేదు," అన్నాడతను. "ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడ దాచావు?"

 అతను తలెత్తి, వెనకే వచ్చిన మదాం వైపు చూశాడు.

"రేపు సాధన ఎన్నింటికి?"

మదాం అప్పటికే కోటు తొడుక్కుంటోంది.

"ఎప్పటి వేళకే," అంది.