గంట నోరు మూయించిన అధికారి

నేను జన్మలో నడిపింది ఒక్క తోపుడుబండి, అదీ మురిక్కాలవలోకి. అయినా రథం కథ చెబుతాను.

కొండమీది కోటలో రాజుగారి రథానికి ఒక గంట ఉండేది. చక్రాన్ని ఆపే చెక్క అరిగిపోతే, చక్రం తగిలి అది మోగేది. సరిగ్గా రాజుగారు కొండ దిగాల్సిన రోజుకి ముందురోజు అది మోగింది.

"చెక్క మార్చాలి దొరా," అన్నాడు వడ్రంగి గవరయ్య.

"మోతే కదరా బాధ! గంటలో గుడ్డలు కుక్కు," అన్నాడు రథశాల అధికారి వేంగళరాజు. అరిగేదాకా ఏం చేస్తున్నావని రాజుగారు కసురుతారని ఆయన భయం. రథం దొర్లితే తల పోయేది మాత్రం గవరయ్యది.

గవరయ్య కుక్కాడు. మర్నాడు రాజుగారు రాగానే చేతులు కట్టుకుని, వేంగళరాజుని చూపిస్తూ, "మహాప్రభూ, గంట మోత మాన్పించింది వీరే. ముందు వీరే ఓసారి కొండ దిగి చూపిస్తారు," అన్నాడు.

"నేనా! చెక్క అరిగిన రథం ఎక్కడానికి నాకేమైనా పిచ్చా?" అని అరిచేశాడు వేంగళరాజు.

రాజుగారు ఆయన్ని అక్కడికక్కడే గెంటించారు. కొత్త చెక్క వేయించారు, గంటలో గుడ్డలు తీయించారు. తర్వాత పాత చెక్కకేసి చూసి, "పారేయకు. పనివాళ్ల బండికి బిగించు. దానికి గంట లేదుగా," అన్నారు.

గవరయ్య బిగించాడు. ఆ సాయంత్రం పనివాళ్లందరినీ వెంటబెట్టుకుని కొండ నడిచే దిగాడు.