మిట్టపల్లెను మందలించిన రోజు

ఎవరైనా ప్రశ్న అడిగితే పరంజ్యోతయ్య స్వామి జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వెతుక్కునేవారు. ఎర్రగుట్ట మఠంలో మా అందరికీ ఆ అలవాటు తెలుసు. కొత్తగా వచ్చిన భవానీశంకరానికి తెలియదు. అతనిది కృష్ణా జిల్లా. కాలేజీలో పాఠాలు చెబుతాడు. అణ్వాయుధాల ఒప్పందాల మీద ఆరేళ్లుగా పెద్ద గ్రంథం రాస్తూ, చివరి అధ్యాయం దగ్గర చతికిలబడి, మనసు బాగోక మఠానికి వచ్చాడు.

"దేశాలు ఒకదాన్నొకటి నమ్మవు స్వామీ," అన్నాడు ఒక ఉదయం. "ఎన్ని సంతకాలు చేసినా నమ్మకం లేకుండా బాంబులు ఎవరు వదులుకుంటారు? ముందు నమ్మకం కుదరాలి కదా? అది కుదరదని నాకు తేలిపోయింది. ఇక ఆ పుస్తకం ఎందుకు రాయాలి?"

స్వామి చెప్పులు తొడుక్కున్నారు. "ఇవాళ వంకపల్లె ఆడవాళ్లు మిట్టపల్లెను మందలించే రోజు. చూసొద్దాం పద."

ఊరికి ఊరే చీవాట్లు తినబోతోందనుకుని శంకరం ఉత్సాహంగా పుస్తకం, కలం తెచ్చుకున్నాడు. మా సీమలో ఆ మాటకు అర్థం వేరు. స్వామి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పెద్ద చదువులవాళ్లు కాస్త తికమకపడితే చూడటం నాకు సరదా.

దారిలో పాత సంగతి మాత్రం చెప్పాను. ఒకప్పుడు ఆ రెండూళ్లకూ పగ. గడ్డివాముల్లో, గాదెల్లో, ఇసుక పోసిన బకెట్లలో నాటుబాంబులుండేవి. ఇరవై రెండేళ్ల కిందట, ఒకే నెలలో తొమ్మిది పీనుగలు లేచాక, రాజీకి కూర్చున్నారు. బాంబులు నీళ్లలో తడిపేస్తామని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. మీరు తడిపారని మేమెలా నమ్మాలని రెండు పక్షాలూ లేచిపోబోయాయి. చివరికి మిట్టపల్లె బాంబులు వంకపల్లె చేతులే తడపాలని, వంకపల్లెవి మిట్టపల్లె చేతులే తడపాలని తేల్చుకున్నారు. బాంబులు చుట్టే పని ఎవరికీ నేర్పకూడదు, బయటి ఊళ్లకు ఒక్కటీ అమ్మకూడదు, ఏటా ఒకరి ఇళ్లు ఒకరు చూసిపోవాలి. ఆ చూడటాన్ని పోలీసుల్లా సోదా అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మందలించడమన్నారు.

మేం వెళ్లేసరికి వంకపల్లె ఆడవాళ్లు మిట్టపల్లెలో సుంకన్న అనే ఆయన ఇంటి ముందు నిలబడి ఉన్నారు. వాళ్లకు పెద్ద ఓబులమ్మ. ఆమె భర్త మీద బాంబు వేసింది ఈ సుంకన్న అన్నే. ఆ భర్తా, ఆ అన్నా ఇద్దరూ ఇప్పుడు లేరు. సుంకన్న కాళ్ల దగ్గర తుప్పు పట్టిన బకెట్ ఉంది.

"పొద్దున కొట్టం గోడ తీస్తాంటే బయటపడింది వదినా," అన్నాడతను. "మూడుండాయి. మా యన్న దాచిపెట్టినవి."

వెనక అతని కొడుకు మద్దిలేటి మొహం మాడిపోయి ఉంది. "పాడుబాయిలో యేసేద్దామంటే యినకపోతివి నాయనా!"

ఎవరూ కదల్లేదు. ఆ గుంపులో ఒక్కరు 'మోసం' అన్నా చాలు, సాయంత్రానికి రెండూళ్లలోనూ మందు నూరడం మొదలవుతుంది. శంకరం కలం మూసేశాడు.

ఓబులమ్మ బకెట్ ముందు కూర్చుని మూడింటినీ లెక్కపెట్టుకుంది. తర్వాత నీళ్లడిగింది. మద్దిలేటి బిందె తెచ్చి తనే పొయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తనే కొంచెం కొంచెంగా వంచింది. ఒక్క చుక్క ఒలకలేదు. మూడూ మునిగాక కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఇంగ యాడన్నా ఉండాయా సుంకన్నా?"

"నాకు తెలిసి లేవు. నా మాట నమ్మొద్దు వదినా, నువ్వే సూడు."

ఆమె నిజంగానే నమ్మలేదు. గాదె చూసింది, గడ్డివాము విప్పించింది, పొయ్యి వెనక కట్టెలు కూడా తీయించింది. గంట పట్టింది. ఆ తర్వాత అరుగు మీద చతికిలబడి, మజ్జిగ తాగి, కోడలికి ఎన్నో నెలని అడిగింది, మద్దిలేటి మోకాలి నొప్పికి ఏదో ఆకు చెప్పింది. మందలించడమంటే పలకరించడమని శంకరానికి అప్పుడు తెలిసింది. నాకైతే సుంకన్నకు ఒక దణ్ణం, ఓబులమ్మకు రెండు దణ్ణాలు పెట్టాలనిపించింది. అంత గుండె ఉన్నవాళ్లను నేను చాలా కొద్దిమందినే చూశాను.

తిరిగొచ్చాక మఠం గుమ్మం దగ్గర శంకరం ఉండబట్టలేకపోయాడు.

"తనంతట తాను చూపించినవాడి ఇల్లు కూడా అంతలా వెతికింది స్వామీ. ఇరవై రెండేళ్లయినా నమ్మకం కుదరలేదన్నమాట."

స్వామి చెప్పులు విడిచి గోడవారగా పెట్టారు.

"కుదరలేదు నాయనా. ఆ రెండూళ్లలో మగవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యాకే పోతున్నారు."