దివాన్‌గారి హామీ

కరెంటు కొత్తగా వచ్చిన ఒక సంస్థానంలో సింహాద్రి అనే యువకుడు కోట మేస్త్రీ దగ్గర వైరింగు పని నేర్చుకుంటున్నాడు. కోట మొత్తానికి కరెంటిచ్చే మెయిను ఆపకుండా తీగ ముట్టుకోకూడదన్నది మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం.

ఒకనాడు మేస్త్రీ పొరుగూరు వెళ్లినప్పుడు, సంస్థానాధీశులైన దొరగారి నిండు కొలువులో దివాన్‌గారి నెత్తిమీది పంకా ఒక్కటే ఆగిపోయింది. గోడమీది స్విచ్చులో తీగ ఊడిందని సింహాద్రి చూశాడు.

“మెయిను ఆపించి బిగిస్తానండీ” అన్నాడు.

“దొరగారికి గాలి ఆపుతావా? వీల్లేదు. అలాగే బిగించు. నీకేమీ కాదు, హామీ నాది” అన్నారు దివాన్‌గారు.

కాదంటే పని పోతుంది, సరేనంటే ప్రాణం పోతుంది. సింహాద్రి ఒక క్షణం ఆలోచించి, వినయంగా చెప్పాడు.

“తమరి హామీ ఉంటే నాకు భయం లేదండీ. కానీ తీగకు తమరెవరో తెలియదు కదా. నేను బిగించేదాకా నా భుజమ్మీద చెయ్యేసి నిలబడండి, చాలు.”

దొరగారు ఆసక్తిగా చూస్తున్నారు. దివాన్‌గారు లేచి వచ్చి చెయ్యి చాచారు. అది భుజం దాకా వెళ్లి గాలిలోనే ఆగిపోయింది.

“దొరగారికి విసనకర్రలు తెప్పించండి” అని నౌకర్లకు చెప్పి, “మెయిను ఆపించవోయ్” అన్నారు మెల్లగా.

ఆ తర్వాత కోటలో ఎక్కడ తీగ విప్పినా, మెయిను ఆపారా లేదా అని ముందుగా అడిగేది దివాన్‌గారే.