మోకు మీద వాలని రూబేను

అనగనగా, గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఒక పల్లె. ఆ పల్లెలో మనుషుల కన్నా తాటిచెట్లే ఎక్కువ. ఆ చెట్లెక్కేవాళ్ళలో రూబేను అనేవాడు అందరికన్నా బలవంతుడు. ఆ సంగతి ఊరివాళ్ళ కన్నా ముందు రూబేనుకే తెలుసు!

పిల్లలూ, తాడిచెట్టు ఎక్కేవాడికి మోకే ప్రాణం. మోకు అంటే నారతో పేనిన లావుపాటి తాడు. దాన్ని చెట్టు చుట్టూ, తన నడుము చుట్టూ కలిపి వేసుకుంటాడు. పైకి వెళ్ళాక పాదాలు చెట్టుకు తన్నిపెట్టి, వెనక్కి మోకు మీద వాలిపోతాడు. బరువంతా మోకు మోస్తుంది. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి.

రూబేనూ మోకు వేసుకునేవాడు. భార్య సలోమి తన చేత్తో పేని ఇచ్చిన మోకు అది. వేసుకోకపోతే ఆమె గుమ్మం దాటనిచ్చేది కాదు. కానీ రూబేను దాని మీద వాలేవాడు కాదు. ఒక చేత్తో చెట్టును కావలించుకుని, రెండో చేత్తో ఆకు నరికేవాడు. మోకు నడుముకి ఊరికే వేలాడుతుండేది.

ఆదివారం ఆరాధనలోనూ ఆయనగారిది అదే పద్ధతి. ముందు వరసలో కూర్చునేవాడు, అందరికన్నా గట్టిగా పాడేవాడు. కష్టం వస్తే మాత్రం దాన్ని దేవుడి దాకా వెళ్ళనిచ్చేవాడు కాదు. "ఈ మాత్రానికి ప్రభువుని కదపడం ఎందుకు? నా చేతులు లేవా?" అనేవాడు.

ఒక ఏడు, ఎండాకాలం చివర పెద్ద గాలి వీచి ప్రార్థన మందిరం కప్పు లేచిపోయింది. వానలు రేపో మాపో అన్నట్టున్నాయి. కొత్త తాటాకు కావాలి.

"ఆకంతా నేనొక్కణ్ణే దింపేస్తాను. ఎవరూ రానక్కర్లేదు," అన్నాడు రూబేను.

"ఎక్కే ముందు ఒక్క మాట ప్రార్థన చేసుకుందాం రూబేనూ," అన్నారు పాస్టరు గారు.

"దిగాక తీరిగ్గా చేద్దాం లెండి అయ్యగారూ!" అంటూ అప్పుడే సగం చెట్టు ఎక్కేశాడు.

మొదటి చెట్టు పొట్టిది. ఆకు నరుకుతుంటే, పక్క చెట్టు మట్ట చివర గూడు కట్టుకున్న గిజిగాడు పిట్ట పలకరించింది.

"ఏమోయ్ రూబేనూ, ఆ మోకు మీద వాలవేం? నడుముకి నగలాగా పెట్టుకున్నావా?"

"మా ఆవిడ కోసంలే," అని నవ్వేసి దిగిపోయాడు.

రెండో చెట్టు పొడుగుది. చెయ్యి దోక్కుపోయింది, ఆయాసం వచ్చింది. ఒకసారి కాలు జారింది కూడా. చెట్టును వాటేసుకుని ఎలాగో నిలదొక్కుకున్నాడు.

"ఇప్పటికైనా వాలవయ్యా!" అంది వెనకే ఎగిరొచ్చిన గిజిగాడు.

"జారాను గానీ పడ్డానా? చూశావా నా పట్టు!" అన్నాడు రూబేను. ఇక అలాంటివాడికి ఎవరు చెప్పగలరు?

మూడో చెట్టు ఏటి గట్టు మీద, గిజిగాడి గూడున్న చెట్టుకు అవతలి పక్క ఉంది. ఊళ్ళో దానికన్నా ఎత్తైన చెట్టు లేదు. రూబేను దాని తలకు చేరేసరికి సముద్రం వైపు నుంచి గాలి లేచింది. చెట్టు ఊగిపోతోంది. కత్తి చేజారి ఏట్లో పడింది. రెండు చేతులతో చెట్టును కరచుకున్నాడు. దిగుదామంటే పట్టు వదలాలి, వదలాలంటే భయం. చూస్తుండగానే చేతులు తిమ్మిరెక్కి, పట్టు సడలసాగింది.

మంచినీళ్ళు పట్టుకొచ్చిన సలోమి కింద నిలబడి ఇదంతా చూసింది. ఆమె నెలలు నిండిన మనిషి. చెంబు అక్కడే పడేసి కేక వేసింది.

"ఏమండీ! చేతులు వదిలేయండి! మోకు మీద వాలండి!"

"వదిలితే పడిపోతానే!"

"వదలకపోతేనే పడిపోతారు!"

గాలికి గిజిగాడి గూడు అటూ ఇటూ కొట్టుకుంటోంది. పిట్ట మాత్రం గూట్లో ఒదిగి కూర్చుంది.

"నీకు భయం లేదా?" అన్నాడు రూబేను, ఏడుపు గొంతుతో.

"ఎందుకు లేదు? కానీ ఈ గాలిని నేను ఆపలేను. దీన్ని పుట్టించినవాడికి నా గూడు కనిపిస్తూనే ఉంది."

రూబేను కిందకి చూశాడు. సలోమి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని పైకే చూస్తోంది. పుట్టబోయే బిడ్డ ముఖమైనా చూడకుండా పోతానా అనుకునేసరికి అతని పొగరంతా దిగిపోయింది. దిగాక చేద్దామన్న ప్రార్థన చెట్టు మీదే చేశాడు.

"ప్రభువా, నావల్ల కావడం లేదు. నువ్వే నన్ను పట్టుకో."

ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. ఒక చెయ్యి వదిలాడు. కళ్ళు గట్టిగా మూసుకుని రెండోదీ వదిలాడు. వెనక్కి వాలిపోయాడు.

మోకు కిర్రుమని బిగిసింది. నడుముని గట్టిగా పట్టి ఆపింది. చెట్టు ఎటు ఊగితే అటు ఊగాడు గానీ పడలేదు. చేతుల తిమ్మిరి మెల్లగా వదిలింది. ఇన్నేళ్ళూ ఇంత హాయిని నడుముకి కట్టుకుని తిరిగానా అని అక్కడే వెక్కివెక్కి ఏడ్చాడు. గాలి తగ్గాక, అడుగడుక్కీ మోకు మీద వాలుతూ దిగాడు.

సలోమి అతని భుజం మీద రెండు దెబ్బలు వేసి, ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. మిగతా ఆకు ఊళ్ళో అందరూ కలిసి దింపారు. ఈసారి రూబేను ఎవర్నీ వద్దనలేదు.

కొత్త కప్పు కింద మొదటి కృతజ్ఞత కూడిక జరిగింది. రూబేను తనకు పుట్టిన పసిబిడ్డను ఎత్తుకుని, ప్రభువు చేసిన మేలుకు అందరి ముందూ సాక్ష్యం చెప్పడానికి లేచాడు.

"మోకు సలోమి పేనింది. దాని మీద వాలే ధైర్యం ప్రభువు ఇచ్చాడు. నా చేతులు నన్ను చెట్టెక్కించాయి, అంతవరకే. నన్ను ఈ బిడ్డ దగ్గరికి దింపింది ఆయనే. ఆయనకి స్తోత్రం." అని బిడ్డను గుండెకి హత్తుకుని కూర్చున్నాడు.

కాబట్టి పిల్లలూ, దేవుణ్ణి తోడుగా ఉంచుకుంటే సరిపోదు. మన బలాన్ని వదిలి, మన బరువంతా ఆయన మీద వేస్తేనే అది నమ్మకం అవుతుంది.