నలిగిన గుడ్డ

చెన్నమల్లుకు గర్వం రాక ఏం చేస్తుంది? సంస్థానంలో పండితులందరినీ వాదనలో ఓడించి వచ్చాడు. దొర స్వయంగా లేచి జరీ శాలువా కప్పాడు. మఠానికి తిరిగొచ్చాక కూడా చెన్నమల్లు దాన్ని తీయలేదు. మండే ఎండల్లో చెమటలు కక్కుతూనే కప్పుకుని తిరిగాడు. చదువుకున్నవాడి గర్వం ముందు ఒంటిమీదే కనిపిస్తుంది.

గురువు మరుళయ్యకు వయసైపోయింది. ఆయన తర్వాత పీఠం తనదేనని చెన్నమల్లు నమ్మకం. ఆ మాట ఆయన నోట ఎప్పుడు వస్తుందా అని కాచుకుని ఉన్నాడు.

ఒక ఉదయం గొర్రెల కాపరుల పల్లె నుంచి బీరమ్మ వచ్చింది. ముసలిది. కొంగులో పసిగుడ్డును పొదువుకుని ఉంది.

“మనవరాలు అయ్యా. దీని ముందు పుట్టినవాళ్ళు పేరైనా పెట్టకముందే పోయారు. పురిటిబిడ్డకు కొత్తబట్ట చుట్టం కదా. నిండుగా బతికినవాళ్ళ ఒంటిమీద నలిగిన గుడ్డ చుడితే నిలుస్తుందంటారు. ఒక పాతగుడ్డ ఇప్పించండి.”

మరుళయ్య శిష్యుడి వైపు చూశాడు. “మా చెన్నమల్లు ఇస్తాడులే. రేపు ఈ మఠానికి పెద్ద అతనే.”

చెన్నమల్లు ఛాతీ పొంగింది. గబగబా లోపలికి వెళ్ళి తన పెట్టె తెరిచాడు.

ఏ పంచె తీసినా గంజిపెట్టి మడతపెట్టిందే. రంగు కాస్త తగ్గగానే అవతల పడేయడం అతని అలవాటు. అడుగుదాకా వెతికాడు. పాతగుడ్డ ఒక్కటీ దొరకలేదు.

ఉత్తచేతులతో బయటికి ఎలా వెళ్తాడు? భుజం మీది శాలువా తీసి బీరమ్మ ముందు చాచాడు.

“పాతగుడ్డ ఎందుకవ్వా? దొర కప్పిన శాలువా ఇస్తున్నా. మీ పల్లెలో ఎవరికీ దక్కని భాగ్యం ఇది.”

బీరమ్మ జరీ అంచు తడిమి, వెనక్కి తోసింది. “దొర కప్పింది నీకు నాయనా. ఇది గుచ్చుకుంటే పిల్ల ఒళ్ళంతా దద్దుర్లే. నువ్వే కప్పుకో, చలిగా ఉన్నట్టుంది.”

చెన్నమల్లు ముఖం ఎర్రబడింది. “మఠంలో ఇచ్చింది కాదంటావా?”

“గొర్రెలు కాసేవాళ్ళమే గానీ, ఏది చేతిలో పెడితే అది పట్టుకుపోయేవాళ్ళం కాదు. నాకు పిల్ల బతకాలి. మఠం మర్యాద నువ్వు చూసుకో.”

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మరుళయ్య లేచి తన పైపంచె తీశాడు. అతుకులు వేసిన పంచె. దాన్ని తలకు చుట్టుకుని ఆయన నీళ్ళకడవలు మోసేవాడు. జ్వరంతో వచ్చినవాళ్ళ చెమట దానితోనే తుడిచేవాడు. రోజూ తన చేత్తోనే ఉతుక్కునేవాడు. అతిథులు వస్తే ఆ పంచె చూసి చెన్నమల్లుకు తల కొట్టేసినట్టుండేది.

ఆయన దాన్ని మధ్యకు చించాడు. చప్పుడైనా కాలేదు. ఒక సగం పిల్లకు చుట్టాడు. పిల్ల ఏడుపు మానింది. చూస్తుండగానే నిద్రపోయింది. బీరమ్మ ఆ గుడ్డ కొసను కళ్ళకద్దుకుని, ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది.

శాలువా పట్టుకుని చెన్నమల్లు అలాగే నిలబడ్డాడు. తర్వాత గురువు దగ్గరికి వచ్చాడు.

“అయ్యగారూ... మఠానికి పెద్దనన్నారు...”

మరుళయ్య మిగిలిన సగం గుడ్డ భుజాన వేసుకున్నాడు.

“అన్నాను. ఆ పిల్ల ఎదిగి, తన బిడ్డనెత్తుకుని వచ్చేనాటికి నీ దగ్గరొక మెత్తని గుడ్డ ఉండాలి.”